తొలితరం మనోవైద్యులు కొకైన్ వ్యసనం గురించి రాసినదాన్ని ఎలా చదవాలి

1889లో పారిస్‌లోని బయాలజీ సొసైటీ ఎదుట వాలంటిన్ మన్యాన్ అనే మనోవైద్యుడు, సోరీ అనే సహచరుడితో కలిసి ముగ్గురు రోగుల వృత్తాంతాలు వినిపించారు. ఒక రోగి తన నాలుకను గీరుకుంటూ, దాని మీది నుంచి నల్లటి చిన్న పురుగులు రాలుతున్నాయని చెప్పేవాడు. రెండవ రోగి చర్మం చీల్చుకుని, ఆ పుండ్ల అడుగున సూక్ష్మజీవులు దాగి ఉన్నాయన్న నమ్మకంతో గోళ్లతోను, గుండుసూది మొనతోను వాటిని బయటికి లాగడానికి ప్రయత్నించేవాడు. మూడవ రోగి మందుల తయారీ తెలిసిన ఫార్మసిస్టు. ఆయన తన చర్మం కింద వెతుక్కున్నది పురుగులను కాదు, కొకైన్ స్ఫటికాలను. ముగ్గురూ కొకైన్‌కు అలవాటుపడినవారే.

ఇటువంటి పుట ఒకటి చేతికి వచ్చినప్పుడు చదువరి రెండు రకాలుగా పొరబడవచ్చు. పాతకాలపు వైద్యమే కదా అని మొత్తాన్ని పక్కన పెట్టేయడం ఒక పొరపాటు. పేరున్న వైద్యుడు రాశారు కనుక ఆయన చూసినదానితోపాటు ఆయన చెప్పిన కారణాన్ని కూడా నిజమని తీసుకోవడం రెండవ పొరపాటు. నా అభిప్రాయంలో ఆనాటి వైద్యుల చూపు చాలావరకు నమ్మదగినది, తాము చూసినదాన్ని కొలవడానికి వాడిన కొలబద్దే నమ్మదగినది కాదు. ఆ కొలబద్ద వారికి నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ అనే నొప్పి మందు నుంచి వచ్చింది. 19వ శతాబ్ది చివరి 20 ఏళ్లలో కొకైన్ గురించి జరిగిన దాదాపు ప్రతి వాదం వెనుకా, ఇది మార్ఫిన్‌లాంటిదా కాదా అన్న ప్రశ్న ఉంది. ఈ సంగతిని మనసులో ఉంచుకుంటే ఆ రాతల్లోని తికమకలో చాలా భాగం విడిపోతుంది. చదివే పద్ధతిని ఇక్కడ కొంత వివరంగా చెబుతాను.

ముందు తేదీ చూడండి, వీలైతే నెల కూడా

చేతిలోకి వ్యాసం రాగానే రచయిత వాదనలోకి దిగకుండా, అది ఏ సంవత్సరం ఏ నెలలో అచ్చయిందో మొదట రాసి పెట్టుకోవాలి. ఈ విషయంలో ఆరు నెలల తేడా కూడా పెద్ద తేడాయే.

దక్షిణ అమెరికా మొక్క అయిన కోకా ఆకు నుంచి కొకైన్‌ను శుద్ధరూపంలో వేరుచేసి, దాన్ని వర్ణించినది గోటింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఆల్బర్ట్ నీమన్. ఆయన సిద్ధాంత గ్రంథం 1860 నాటిది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా కొకైన్ వైద్యుల చేతుల్లో పెద్దగా పని లేకుండానే ఉండిపోయింది. ఆకు గురించిన ఉత్సాహం మాత్రం అప్పటికే ఉంది. ఇటలీ వైద్యుడు పావోలో మాంటెగాజ్జా 1859లోనే కోకా గుణాలను పొగుడుతూ రాశారు, ఆంజెలో మరియాని 1863 నుంచి కోకా కలిపిన ద్రాక్షసారాయం అమ్మకానికి పెట్టారు. 1883 చివర్లో జర్మనీ సైనిక వైద్యుడు తెయోడోర్ ఆషెన్‌బ్రాంట్ బవేరియా సైనికులకు కొకైన్ ఇచ్చి, వారు అలసటను ఎలా తట్టుకున్నారో ఒక వైద్యపత్రికలో ప్రకటించారు. ఆ నివేదిక వియన్నాలో ఉన్న 28 ఏళ్ల యువ వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ కంటబడింది. 1884 జూలైలో ఫ్రాయిడ్ కోకా మీద తన సుదీర్ఘ వ్యాసాన్ని ప్రకటించారు. కోకా మళ్లీ మళ్లీ తీసుకున్నా ఇంకా కావాలన్న బలవంతపు కోరిక పుట్టదని, పైగా ఒక రకమైన విముఖత కలుగుతుందని ఆయన అందులో రాశారు. ఈ మాట ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాని ఆ తేదీ నాటికి ఆయన అనుభవం తన మీద తాను చేసుకున్న కొన్ని వారాల ప్రయోగాలకు, కొద్దిమంది మిత్రులకు, రోగులకు మాత్రమే పరిమితమని గుర్తుంచుకోవాలి.

అదే సంవత్సరం సెప్టెంబర్ 15న హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సభలో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ పరిశోధన పత్రాన్ని ఆయన తరఫున మరొక వైద్యుడు చదివి వినిపించారు. కంటిలో కొకైన్ చుక్కలు వేస్తే నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయవచ్చని ఆ సభ కళ్లారా చూసింది. అక్కడి నుంచి మందు అన్ని దేశాలకూ పాకింది. అందువల్ల 1884 సెప్టెంబర్‌కు ముందు రాసిన వైద్యుడికి కొకైన్ అరుదైన వస్తువు, ఆ తరువాత రాసిన వైద్యుడికి తన బల్ల మీద ఎప్పుడూ ఉండే సీసా. 1885, 1886ల్లో మొదటి హెచ్చరికలు వచ్చాయి. 1887 నాటికి వాదప్రతివాదాలు తీవ్రమయ్యాయి. శతాబ్దం ముగిసేసరికి కొకైన్ రోగం పాఠ్యగ్రంథాల్లోకి ఎక్కింది. ఎమిల్ క్రేపెలిన్ మనోవైద్య గ్రంథంలో మద్యం, మార్ఫిన్‌ల సరసన దీర్ఘకాల విషప్రభావాల కింద దానికి చోటు దక్కింది. 1884 నాటి ఆశను 1889 నాటి జ్ఞానంతో తూచి తప్పుపట్టడం సులభం. 1887లో కూడా ఆ ఆశను వదలని రచయితను ప్రశ్నించడం న్యాయం. తేదీ చూడమనడం ఇందుకే.

వ్యసనం అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి

ఆ కాలపు రచనల్లో కొకైనిజం, కొకైన్ అలవాటు, కొకైనోమేనియా, జర్మన్‌లో కొకైన్‌జూఖ్ట్ అన్న మాటలు కనిపిస్తాయి. వీటన్నిటినీ తెలుగులో వ్యసనం అని ఒకే మాటతో దాటవేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. మన భాషలో వ్యసనం అనగానే సప్తవ్యసనాలు గుర్తుకు వస్తాయి; జూదం, వేట, మద్యపానాల వరుసలో చేరే గుణదోషం అనే ధ్వని ఆ మాటలో ముందే ఉంది. జర్మన్‌లోని జూఖ్ట్ అన్న పదానికి మూలం వ్యాధిగ్రస్తం కావడం అనే అర్థమిచ్చే ధాతువు. అంటే అది మొదట రోగాన్ని సూచించిన మాట. అలవాటు అన్న మాటలో ఈ రెండు ధ్వనులూ లేవు. మేనియా అన్న మాట ఉన్మాదం వైపు మొగ్గుతుంది. కాబట్టి మూలంలో ఏ మాట ఉందో చూసి, నోట్సులో దాన్నే ఉంచి, రచయిత దానితో రోగాన్ని చెబుతున్నారా, దోషాన్ని చెబుతున్నారా, ఉన్మాదాన్ని చెబుతున్నారా అని పక్కన రాసుకోవడం మంచిది. ఒకే రచయిత ఒకే వ్యాసంలో మూడూ కలిపేసిన సందర్భాలు కూడా ఎదురవుతాయి.

ఈ మాటలకు నమూనా ఎక్కడిదో తెలిస్తే చదవడం మరింత తేలికవుతుంది. 1877లో బెర్లిన్ వైద్యుడు ఎడువార్ట్ లెవిన్‌స్టైన్ మార్ఫిన్ వ్యసనంపై ఒక గ్రంథం వెలువరించారు. మందు మానిపించిన రోగికి వచ్చే వాంతులు, విరేచనాలు, వణుకు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, గుండె బలహీనపడి కుప్పకూలిపోవడం, వీటన్నిటినీ ఆయన ఓపికగా నమోదు చేశారు. అప్పటి నుంచి, మందు మానగానే శరీరం తిరగబడితేనే అది నిజమైన వ్యసనం అన్న అవగాహన వైద్యుల్లో స్థిరపడింది. కొకైన్ విషయంలో ఆ కొలబద్ద పనిచేయలేదు. కొకైన్ మానిన మనిషి వాంతులు చేసుకోడు, విరేచనాలతో నీరసించడు. గాఢంగా నిద్రపోతాడు, దిగులుపడతాడు, దేని మీదా ఆసక్తి లేకుండా కూర్చుంటాడు, ఆ తరువాత మళ్లీ మందు కోసం తపిస్తాడు. ఆనాటి పరీక్షకుడికి ఇందులో రోగం కనబడలేదు. అమెరికా సైన్యానికి ఒకప్పుడు ప్రధాన వైద్యాధికారిగా పనిచేసిన విలియం హామండ్ తన మీదే ప్రయోగాలు చేసుకుని, నల్లమందు విషయంలో కనిపించే తరహా వ్యసనం కొకైన్‌కు లేదని 1880ల మధ్యలో వాదించడానికి ఒక కారణం ఇదే. ఆయన చూసింది తప్పు కాదు, మానిన తరువాత మార్ఫిన్ రోగిలో కనబడేవి కొకైన్ వాడినవారిలో నిజంగానే కనబడవు. అయితే కనబడవు కనుక వ్యసనమే లేదని తేల్చడం తప్పు.

ఈ తేడాకు కారణం ఇప్పుడు మనకు తెలుసు. మార్ఫిన్ నాడీకణాల మీద ఉన్న ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తుంది, దీర్ఘకాలం వాడితే శరీర వ్యవస్థలన్నీ దాని ఉనికికి తగినట్లు సర్దుకుంటాయి, అది ఆగిపోగానే తలకిందులవుతాయి. కొకైన్ చేసే పని వేరు. నాడీకణాలు సంకేతాలు పంపడానికి విడుదల చేసిన డోపమైన్ అనే రసాయనం తిరిగి లోపలికి చేరకుండా అది అడ్డుపడుతుంది. దాని ప్రభావం వేగంగా ఎక్కి, వేగంగా దిగిపోతుంది, సుమారు గంటకే రక్తంలో సగానికి తగ్గుతుంది. దిగిపోగానే మళ్లీ కావాలనిపించడమే ఇక్కడి వ్యసనానికి కేంద్రం. మెదడులో డోపమైన్ పాత్ర 1950ల చివర్లో గాని బయటపడలేదు, నల్లమందు గ్రాహకాల ఉనికి 1973లో గాని రుజువు కాలేదు. 1887 నాటి వైద్యుడి చేతిలో ఇవేవీ లేవు. అందువల్ల ఆనాటి రచనలో ఇది వ్యసనం కాదు అన్న వాక్యం కనబడితే, దాన్ని "మార్ఫిన్ మానినప్పటి బాధలు ఇందులో కనబడలేదు" అని మార్చి చదువుకోండి. చాలా చోట్ల అర్థం వెంటనే కుదురుతుంది.

రోగి ఎవరు, అంతకుముందు ఏమి వాడేవారు

తరువాత అడగవలసిన ప్రశ్న రోగి గురించి. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ఇదే ముఖ్యమైన మెట్టు, హడావిడిగా చదివేవారు దాటవేసేది కూడా ఇదే. తొలి కొకైన్ రోగుల్లో ఎక్కువమంది అప్పటికే మార్ఫిన్‌కు బానిసలైనవారు. 1880కి అటూ ఇటూ అమెరికా వైద్యులు కొందరు కోకాతో నల్లమందు మాన్పించవచ్చని రాశారు, ఫ్రాయిడ్ ఆ నివేదికలను నమ్మారు. 1884 మే నెలలో ఆయన తన మిత్రుడు, శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైష్ల్-మార్క్సోకు కొకైన్ ఇచ్చారు. శవపరీక్షలో సోకిన విషం వల్ల ఫ్లైష్ల్ బొటనవేలిని కొంత తొలగించవలసి వచ్చింది. మిగిలిన మొండి భాగంలో నాడీగడ్డలు పెరిగి భరించలేని నొప్పి పెట్టేవి. ఆ నొప్పికి వాడిన మార్ఫిన్ ఆయనను వదలలేదు. కొకైన్ మొదట్లో మార్ఫిన్‌ను తగ్గించినట్టే కనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆయన భారీ మోతాదుల్లో కొకైన్ తీసుకుంటున్నారు, చర్మం మీద పాములు పాకుతున్నట్టు భ్రాంతులు మొదలయ్యాయి, మార్ఫిన్ కూడా పోలేదు. 1891లో ఆయన మరణించారు.

కోబ్లెంజ్ దగ్గర బెండార్ఫ్‌లో చికిత్సాలయం నడిపిన ఆల్బ్రెష్ట్ ఎర్లెన్‌మేయర్, మార్ఫిన్ రోగులకు కొకైన్ ఇవ్వడం ప్రమాదమని 1885లోనే హెచ్చరించారు. మద్యం, మార్ఫిన్‌ల తరువాత మానవాళికి పట్టిన మూడవ పీడగా కొకైన్‌ను లెక్కించినది ఆయనే. దీనికి 1887 జూలైలో ఫ్రాయిడ్ జవాబిచ్చారు. కొకైన్‌కు బలైనవారందరూ అప్పటికే మార్ఫిన్ అనే ఒక రాక్షసి చేతిలో ఉన్నవారేనని, కేవలం కొకైన్ వల్ల వ్యసనపరులైనవారు లేరని ఆయన వాదన. ఈ వాదనను చదివేటప్పుడు తొందరపడి ఎవరి పక్షమూ తీసుకోవద్దు. ఎర్లెన్‌మేయర్ రోగులు మార్ఫిన్ వాడినవారే అన్నది నిజం. కాని ఫ్రాయిడ్ చెప్పిన మాటకు ఎదురు సాక్ష్యం అప్పటికే న్యూయార్క్‌లో ఉంది. శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ తన సహచరులతో కలిసి 1884 చివరి నుంచి నాడుల దగ్గర కొకైన్ ఎక్కించి తిమ్మిరి తెప్పించే ప్రయోగాలను తమ మీదే చేసుకున్నారు. వారిలో పలువురు వ్యసనంలో పడ్డారు, వారికి అంతకుముందు మార్ఫిన్ అలవాటు లేదు. హాల్‌స్టెడ్ 1885 సెప్టెంబర్‌లో ఒక వైద్యపత్రికకు రాసిన వ్యాసం తొలి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియనంత చిక్కుపడి ఉంటుంది. అంతకు ముందూ తరువాతా ఆయన రాత ఎంతో పొందికగా ఉండేది. రోగి వృత్తాంతమని ఎవరూ పేరు పెట్టకపోయినా, ఆ వాక్యాన్ని నేను రోగి వృత్తాంతంగానే చదువుతాను.

కాబట్టి ప్రతి కేసు పక్కనా అంతకుముందు వాడిన మందు, దాన్ని ఎందుకు మొదలుపెట్టారు, కొకైన్ ఎవరు ఇచ్చారు అన్న మూడు సంగతులు రాసి ఉంచుకోండి. మూడవ సంగతి బాధ కలిగిస్తుంది. తొలి దశలో కొకైన్‌ను చేతికి అందించినది చాలాసార్లు వైద్యుడే. బాధితుల్లోనూ వైద్యులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు ఎక్కువగా కనిపిస్తారు. బ్రూక్లిన్ వైద్యుడు జె.బి. మాటిసన్ 1887 నుంచి పదేపదే హెచ్చరించింది ప్రధానంగా తన వృత్తివారినే.

మోతాదు, మార్గం

పాత రచనల్లో మోతాదు గ్రెయిన్లలో ఉంటే, ఒక గ్రెయిన్‌ను సుమారు 65 మిల్లీగ్రాములుగా లెక్కగట్టాలి. ద్రావణం శాతంలో ఇస్తే, 1 శాతం ద్రావణం అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. యూరప్ రచయితలు గ్రాముల్లో రాస్తారు. 0.05 గ్రాము అంటే 50 మిల్లీగ్రాములు, అది ఫ్రాయిడ్ తన మీద ప్రయోగించుకున్న మోతాదుల్లో ఒకటి. ఒక రచయిత కొద్ది మోతాదు అన్నారని సరిపెట్టుకోకూడదు. అంకె వెతకాలి, లేకపోతే లేదని రాసుకోవాలి.

అంకె కంటే కూడా మార్గం ముఖ్యం. నోటి ద్వారా తీసుకున్న కొకైన్ నెమ్మదిగా ఎక్కుతుంది, సూదితో చర్మం కింద ఎక్కించినది వేగంగా ఎక్కుతుంది. ఎంత వేగంగా ఎక్కితే వ్యసనం అంత బలంగా పట్టుకుంటుంది. ఫ్రాయిడ్ రాతలనే ఈ దృష్టితో వరుసగా చదివి చూడండి. 1885 మార్చిలో వియన్నాలోని మనోవైద్యుల సంఘంలో చేసిన ప్రసంగంలో, మార్ఫిన్ మాన్పించే సందర్భంలో 0.03 నుంచి 0.05 గ్రాముల చొప్పున చర్మం కింద సూది వేయమని ఆయన సంకోచం లేకుండా సలహా ఇచ్చారు. 1887లో అదే సూదిని దోషిగా నిలబెట్టారు. ఆ తరువాత తన రచనలను పేర్కొన్న చోట 1885 ప్రసంగం ప్రస్తావన తప్పించారు. ఒకే మనిషి రాసిన రెండు తేదీల పాఠాలను పక్కపక్కన పెట్టి చూడనివారికి ఇది ఎన్నటికీ కనబడదు.

20వ శతాబ్ది తొలి దశకాల్లోకి వచ్చేసరికి ముక్కుతో పీల్చడం ప్రధాన మార్గమైంది. అక్కడి నుంచి రచయితలు వర్ణించే రోగీ మారిపోతాడు: చికిత్సాలయానికి వచ్చిన వైద్యుడి స్థానంలో నగర వీధుల్లోని యువకుడు కనిపిస్తాడు, చర్మం మీద సూది మచ్చల స్థానంలో ముక్కు లోపలి గోడకు పడిన రంధ్రం కనిపిస్తుంది.

చూసినదాన్ని ఒకవైపు, అనుకున్నదాన్ని మరొకవైపు పెట్టండి

ఇప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు వైద్యుడు కళ్లతో చూసినదాన్ని, రోగి నోటి నుంచి విన్నదాన్ని మాత్రమే రాయాలి. కుడివైపు దానికి వైద్యుడు పెట్టిన పేరు, చెప్పిన కారణం రాయాలి. మన్యాన్ కేసునే తీసుకుంటే ఎడమవైపు ఇలా వస్తుంది: రోగి చర్మాన్ని గిల్లుతున్నాడు, పుండ్లు పడ్డాయి, పుండులో సూక్ష్మజీవి ఉందంటున్నాడు. కుడివైపు: చర్మస్పర్శకు సంబంధించిన భ్రాంతి, దానికి మూలం కొకైన్. ఈ కేసులో రెండు వైపులూ బాగా నిలబడ్డాయి. చర్మం కింద చీమలు, పురుగులు పాకుతున్నట్టు అనిపించే ఈ లక్షణాన్ని వైద్యులు నేటికీ మన్యాన్ పేరుతోనే పిలుస్తారు. అన్ని కేసుల్లోనూ ఇలా జరగదు.

ఎడమవైపు రాసేటప్పుడు రెండు మాటల తేడా పట్టించుకోవాలి. లేని పురుగు చర్మం మీద పాకినట్టు తెలియడం భ్రాంతి. నిజంగానే పురుగులు ఉన్నాయని, ఎవరు ఎంత చెప్పినా వదలని నమ్మకం భ్రమ. ఫార్మసిస్టు స్ఫటికాలు వెతుక్కోవడంలో రెండూ కలిసి ఉన్నాయి, ఆయన వృత్తి కూడా అందులో కలిసింది: సూక్ష్మజీవుల గురించి విన్న మనిషి సూక్ష్మజీవులను వెతికితే, స్ఫటికాలతో పనిచేసిన మనిషి స్ఫటికాలను వెతికాడు. ఇది ఆ వృత్తాంతాలు చదువుతున్నప్పుడు నాకు తట్టిన విషయం. దీన్ని నేను నా కాగితం మీద కుడివైపే రాస్తాను, ఎందుకంటే ఇది కూడా ఊహే.

కొకైన్ వల్ల వచ్చే ఉన్మాదాన్ని మద్యం మానినప్పుడు వచ్చే సన్నిపాతం నుంచి విడదీయడం ఆనాటి మనోవైద్యం సాధించిన నిజమైన విజయం. మద్యం రోగి వణుకుతాడు, తాను ఎక్కడ ఉన్నాడో, అది ఏ రోజో మరిచిపోతాడు. కొకైన్ రోగికి తెలివి చాలావరకు స్పష్టంగానే ఉంటుంది, తనను ఎవరో వెంటాడుతున్నారని, గోడ వెనుక నుంచి చూస్తున్నారని, భార్య మోసం చేస్తోందని గట్టిగా నమ్ముతూనే తేదీ అడిగితే సరిగ్గా చెబుతాడు. క్రేపెలిన్, ఆ తరువాతి వారు ఈ తేడాను పట్టుకున్నారు. ఏ రసాయన పరీక్షా లేని రోజుల్లో, రోగి పక్కన కూర్చుని వినడం ద్వారానే దీన్ని సాధించారు. జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రికి చెందిన హాన్స్ మాయర్ 1926లో కొకైన్ వ్యసనంపై వెలువరించిన బృహద్గ్రంథం నాటికి ఈ పరిశీలనలన్నీ ఒకచోట చేరాయి. రోగుల వృత్తాంతాలు విడివిడిగా దొరకనివారు 1920ల గ్రంథాల నుంచి వెనక్కి చదువుకుంటూ రావచ్చు, అయితే అక్కడ పాత కేసులు సంక్షిప్తమై ఎడమవైపు చేరవలసిన వివరాలు రాలిపోతాయని ఎరిగి ఉండాలి.

కారణాలు చెప్పిన పుటలు

కుడివైపు భాగంలో ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. 1857లో ఫ్రెంచి మనోవైద్యుడు మోరెల్ ప్రతిపాదించిన వంశక్షీణత సిద్ధాంతం ఆ శతాబ్దం చివరిదాకా మనోవైద్యాన్ని ఏలింది. తండ్రి తాగుడు కొడుకులో నరాల బలహీనతగా, మనుమడిలో ఉన్మాదంగా బయటపడుతుందన్నది ఆ సిద్ధాంతం ధోరణి. మన్యాన్ స్వయంగా దాని ప్రముఖ సమర్థకుడు. అందువల్ల రోగి కుటుంబ చరిత్ర దీర్ఘంగా రాసి ఉంటే, అది నిష్పక్షపాతంగా సేకరించిన సమాచారమని అనుకోవద్దు. ముందే ఉన్న సమాధానానికి సరిపోయేవాటిని వెతికి పట్టుకున్నది కావచ్చు. సంకల్పబలం లేనివాడు, నీతి నశించినవాడు వంటి మాటలనూ అలాగే తీసుకోవాలి. అబద్ధమాడి మందు తెచ్చుకున్నాడు అన్నది ఎడమవైపుకు, నీతిలేనివాడు అన్నది కుడివైపుకు చెందుతాయి.

1900 తరువాత ఇంకొక ప్రమాదం వచ్చి చేరింది. అమెరికాలో కొకైన్‌ను నల్లజాతివారి నేరాలతో ముడిపెట్టే కథనాలు పత్రికల్లో విరివిగా వచ్చాయి. 1914లో ఎడ్వర్డ్ హంటింగ్‌టన్ విలియమ్స్ అనే వైద్యుడే, కొకైన్ తీసుకున్న నల్లజాతి మనిషిని తుపాకీ గుండు కూడా ఆపలేదన్నట్టు ఒక ప్రముఖ దినపత్రికలో రాశారు. వైద్యుడి సంతకం ఉన్నంత మాత్రాన అది వైద్యం కాదు. అందులో పరీక్షించిన రోగి లేడు, మోతాదు లేదు, ఎడమవైపు రాయడానికి ఏమీ మిగలదు. ఆ సంవత్సరం డిసెంబర్‌లోనే కొకైన్, నల్లమందులను కట్టడి చేసే హారిసన్ చట్టం వచ్చింది. ఇటువంటి రాతల్ని పారేయనక్కరలేదు. వాటిని రోగం గురించిన సాక్ష్యంగా కాక ఆ సమాజపు భయం గురించిన సాక్ష్యంగా వేరే కట్టలో ఉంచాలి.

భారతదేశం గురించిన రాతలకు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు. కలకత్తా వైద్యుడు కైలాస్ చంద్ర బోస్ 1902లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొకైన్ మత్తు గురించి, అది మనిషిని దిగజార్చే తీరు గురించి రాశారు. ఇక్కడ కొకైన్‌ను సున్నం రాసిన తమలపాకులో పెట్టుకుని నమిలేవారు. సూదీ కాదు, ముక్కూ కాదు, మూడవ మార్గం. సున్నం క్షారగుణం కొకైన్ నోటి పొరల ద్వారా లోపలికి పోవడానికి తోడ్పడుతుంది; ఆండీస్ పర్వతాల్లో కోకా నమిలేవారు ఆకుతోపాటు క్షారం పెట్టుకోవడంలో ఉన్న సూత్రమే ఇది. యూరప్ పాఠ్యగ్రంథాల్లోని వర్ణనలను యథాతథంగా ఈ రోగులకు అన్వయించడం తగదు. వ్యాసం శీర్షికలోనే దిగజారడం అన్న తీర్పు ఉంది కనుక, లోపల ఎడమవైపుకు వచ్చేదేమిటో వేరుచేసి చూడండి.

చికిత్స, నయమైంది అన్న మాట

ఆనాటి చికిత్సలను చరిత్రగా మాత్రమే చదవాలి. లెవిన్‌స్టైన్ మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపించారు, ఇతరులు నెలల తరబడి తగ్గిస్తూ పోయారు, ఎర్లెన్‌మేయర్ ఈ రెండింటికీ మధ్య కొద్ది రోజుల్లో తగ్గించే మార్గం పట్టారు. కొకైన్‌ను ఒక్కసారిగా ఆపినా శరీరానికి పెద్ద ప్రమాదం ఉండదని ఆనాటి వైద్యులు తొందరగానే గ్రహించారు. అది సరైన పరిశీలనే. అయితే ఆపిన తరువాత ఆవరించే దిగులు ఆత్మహత్య ఆలోచనల దాకా తీసుకుపోగలదని నేడు మనకు తెలుసు కాబట్టి, ఇవాళ ఈ స్థితిలో ఉన్న మనిషి పాత పుస్తకంలోని ఏ పద్ధతినీ సొంతంగా ప్రయత్నించకూడదు, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఈ వాక్యాన్ని లాంఛనంగా రాయడం లేదు. ఇటువంటి పుస్తకాలు చదివేవారిలో తమకోసమో, తమవారికోసమో వెతుక్కుంటూ వచ్చినవారు కొందరైనా ఉంటారు.

చివరిగా, వృత్తాంతం కింద నయమై ఇంటికి వెళ్లాడు అని ఉంటే, మందు ఆపిన తరువాత ఎన్నాళ్లకు రోగిని మళ్లీ చూశారో వెతకండి. చాలా వ్యాసాల్లో ఆ తేదీ ఉండదు. హాల్‌స్టెడ్ 1886లో రోడ్ ఐలండ్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేరారు, అక్కడి నుంచి బయటపడి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో అమెరికా శస్త్రవైద్యానికే మార్గదర్శి అయ్యారు. ఆయన కోలుకున్నారని లోకం అనుకుంది. ఆయన సహోద్యోగి విలియం ఆస్లర్ ముద్ర వేసి దాచిపెట్టిన నోట్సు 1969లో అచ్చయినప్పుడు గాని తెలియలేదు, కొకైన్ స్థానంలోకి మార్ఫిన్ వచ్చి చేరిందని, ఆస్లర్ గమనించిన కాలంలో హాల్‌స్టెడ్ దాన్ని రోజుకు మూడు గ్రెయిన్ల కంటే, అంటే సుమారు 195 మిల్లీగ్రాముల కంటే, తగ్గించుకోలేకపోయారని.